కాపీ... పేస్ట్... నోటీసు!

దుకాణానికి అద్దె లేదు. అడ్వాన్సు లేదు. పొద్దున్నే షట్టరెత్తే పనీ లేదు. చేతిలో ఫోనుంటే పది నిమిషాల్లో కొట్టు తెరిచేయొచ్చు. కానీ ఆ కొట్లో పెట్టే ప్రతి ఫొటోకీ, వినిపించే ప్రతి పాటకీ, రాసే ప్రతి మాటకీ వెనక ఓ హక్కుదారు ఉంటారు. ఆ సంగతి మర్చిపోతే... గిరాకీ కంటే ముందు లాయరు నోటీసు గుమ్మం తొక్కుతుంది!

సరదాగా ఓ ఊహ. మీది మంగళగిరో, పోచంపల్లో, ఉప్పాడో అనుకోండి. మీకు చీరల మీద మంచి అభిరుచి. పిల్లలు బడికెళ్లాక ఇంట్లో ఖాళీ. మగ్గాల వాళ్లు తెలిసినవాళ్లే. ఇంకేం... ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ పేజీ తెరిచారు. ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు అందమైన ఫొటోలు పెట్టారు. ఎవరో హీరోయిన్ అదే రంగు చీర కట్టుకుని కనిపిస్తే ఆ బొమ్మా జోడించారు. వెనక ఓ హిట్టు పాట వేశారు. తెలిసిన కుర్రాడితో లోగో గీయించారు. ఇద్దరు బంధువులతో 'సూపర్ క్వాలిటీ అక్కా' అని రివ్యూలు రాయించారు. ఏడాది తిరిగేసరికి యాభైవేల మంది ఫాలోవర్లు. రోజుకు పాతిక ఆర్డర్లు. దసరాకి ఊపిరాడని గిరాకీ.

సరిగ్గా దసరాకి వారం ముందు... పేజీ మాయం!

'మీ మీద కాపీరైట్ ఫిర్యాదులు వచ్చాయి' అని రెండు ముక్కల సందేశం. అప్పు చేసి తెచ్చిన సరుకు ఇంట్లో గుట్టగా పడుంది. ఫోన్ చేసి అడగడానికి అవతల మనిషే లేడు.

ఇది ఊహే. కానీ ఇందులో ఏ ఒక్కటీ జరగనిది కాదు. పైగా ఆ పేజీలో మీరు చేసిన ప్రతి పనినీ పట్టుకునే చట్టం ఒకటి ఇప్పటికే ఉంది. ఏ పనికి ఏ చట్టమో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఫొటో ఎవరిది?

'గూగుల్‌లో దొరికింది కదా... ఉచితమే!' ఆన్‌లైన్ వ్యాపారుల్లో చాలామంది మొదట చేసే పొరపాటు ఇదే. గూగుల్ ఫొటోని చూపిస్తుందంతే. అది గూగుల్ సొత్తు కాదు, మీది అంతకన్నా కాదు. మనదేశంలో కాపీరైట్ చట్టం 1957 నుంచీ ఉంది. దాని ప్రకారం ఓ ఫొటో తీసిన క్షణం నుంచే దానికి హక్కు పుట్టేస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మూల మీద 'సీ' గుర్తు లేకపోయినా హక్కు హక్కే.

మరి మినహాయింపులు లేవా అంటే, ఉన్నాయి. సొంతానికి చదువుకోవడానికో పరిశోధనకో, విమర్శకో సమీక్షకో, వర్తమాన సంఘటనల గురించి చెప్పడానికో పరిమితంగా వాడుకోవచ్చని సెక్షన్ 52 చెబుతోంది. ఆ జాబితాలో 'చీరలు అమ్ముకోవడానికి' అన్నది మాత్రం లేదు. కింద 'ఫొటో కర్టెసీ' అని రాసినా సరిపోదు. పక్కింటివాళ్ల సైకిలు అడక్కుండా తీసుకెళ్లి, దానిమీద వాళ్ల పేరు రాసినంత మాత్రాన అది అడిగి తీసుకెళ్లినట్టు అవుతుందా!

రీసెల్లర్ల దగ్గర ఇంకో అలవాటు. హోల్‌సేల్ వాళ్ల కేటలాగు ఫొటో తీసుకోవడం, మూలనున్న వాళ్ల పేరు కత్తిరించేయడం, మన పేరు అతికించేయడం. సరఫరాదారు 'వాడుకోండి' అంటే ఇబ్బంది లేదు. ఆ మాట వాట్సాప్‌లో ఓ మెసేజ్‌గానైనా ఉంటే మరీ మంచిది. అడగకుండా చేస్తే మాత్రం కష్టం. పేరు కత్తిరించామంటే అది వేరేవాళ్లదని మనకి తెలిసినట్టేగా! తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. 2022లో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా తేల్చింది. ఈ నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. అంటే వారంటు లేకుండానే పోలీసులు కదలొచ్చు.

డబ్బులిచ్చాం కాబట్టి మనదే... నిజమా?

ఇక్కడే అసలైన మెలిక. లోగో గీసిన కుర్రాడికి మూడువేలు ఇచ్చారు. వెబ్‌సైట్‌కి 'మా గురించి' రాసిపెట్టిన అమ్మాయికి రెండువేలు. బిల్లు కట్టేశాం కాబట్టి అవన్నీ మనవే అనుకుంటాం. చట్టం మాత్రం అలా అనుకోదు!

మీ దగ్గర జీతానికి పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు మీదే. కానీ బయటివాళ్లకి పని అప్పజెప్పి రాయిస్తే తొలి హక్కుదారు రాసినవాళ్లే. వాడుకోమని మీకిచ్చారంతే. రేపు వాళ్లతో తేడా వస్తే 'నా రాతలు తీసేయండి' అనే పేచీకి ఆస్కారం ఉంటుంది. లోగో విషయంలో ఇది మరీ ప్రమాదం. సంచుల మీదా, డబ్బాల మీదా, బోర్డు మీదా అచ్చేయించిన బొమ్మ కదా!

ఫొటోల దగ్గరకొచ్చేసరికి కథ తిరగబడుతుంది. డబ్బులిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు తొలి హక్కు తీయించుకున్నవాళ్లదే. తీసినవాళ్లది కాదు. ఈ ముక్క పెళ్లి ఫొటోగ్రాఫర్లు గుర్తు పెట్టుకోవాల్సింది. మీరు తీసిన ప్రీవెడ్డింగ్ షూటే కావచ్చు... వధూవరులు డబ్బులిచ్చి తీయించుకున్న ఆ ఫొటోల్ని మీ స్టూడియో ప్రచారానికి పేజీలో పెట్టుకోవాలంటే వాళ్ల అనుమతి ఉండాలి. బుకింగ్ కాగితంలోనే 'మా ప్రచారానికి వాడుకుంటాం' అనే వాక్యం రాసి సంతకం తీసుకుంటే గొడవే ఉండదు.

హక్కు బదిలీ కావాలంటే నోటిమాట చాలదు. రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని సెక్షన్ 19 అంటోంది. అందులోనూ చిన్న తిరకాసుంది. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకేనని లెక్క. ఏయే ప్రాంతాలకో రాయకపోతే భారతదేశం వరకేనని లెక్క. డల్లాస్‌లోని మనవాళ్లకి చీరలు పంపాలనుకునే వాళ్లు ఆ రెండు వివరాలూ కాగితంలో రాయించుకోవడం మర్చిపోకూడదు. ఒక్క పేజీ ఒప్పందం చాలు, అయిదేళ్ల తర్వాత వచ్చే తలనొప్పి తప్పుతుంది.

పాట పెడితే...

రీల్ అన్నాక పాట ఉండాల్సిందే. మరి అందరూ పెడుతున్నారు కదా? పెడుతున్నారు. అక్కడే తేడా ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే పాటల భాండాగారం ప్రధానంగా సొంత, వ్యాపారేతర వాడకం కోసం. మ్యూజిక్ కంపెనీలతో ఆ సంస్థ చేసుకున్న ఒప్పందాలు అలాంటివి. అందుకే బిజినెస్ ఖాతాలకి చాలా పాటలు కనిపించవు. 'పాటలు రావట్లేదు' అని కొందరు బిజినెస్ ఖాతాని మామూలు ఖాతాగా మార్చేస్తుంటారు. ఖాతా మారినంత మాత్రాన చేసే పని మారదు. చీర ధర చెబుతూ పాట వేస్తే అది ప్రకటనే.

పాట ఒకటే అయినా దాని వెనక హక్కులు మూడు. రాసినవారి సాహిత్యం, కూర్చినవారి బాణీ, అచ్చయిన రికార్డింగు. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున నోటీసు వెళ్లడం గుర్తుందా? పాడిన గాయకుడే వేదిక మీద మళ్లీ పాడటానికి వచ్చిన చిక్కది. ఇక కొట్టు ప్రచారానికి వాడే మన సంగతి చెప్పాలా!

'పాత పాటైతే ఫర్వాలేదుగా' అంటారేమో. 'మాయాబజార్' సినిమానే తీసుకోండి. విడుదలైంది 1957లో. రికార్డింగుకి హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 2017తో ముగిసింది. కానీ సాహిత్యానికీ బాణీకీ లెక్క వేరు. సృష్టించినవారి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. కాబట్టి ఆ మాటల మీద హక్కు, ప్రస్తుతం ఎవరి చేతిలో ఉన్నా సరే, 2031 దాకా ఉంటుంది. సంగీత దర్శకుడు ఘంటసాల 1974లో వెళ్లిపోయారు. ఆ లెక్క 2034 దాకా. అరవయ్యేడేళ్లు దాటిన సినిమా కథే ఇది!

పెళ్లిలో పాటలు వేసుకోవడానికి చట్టంలో మినహాయింపు ఉంది. మతపరమైన వేడుకల్లో, పెళ్లి ఊరేగింపులో, వివాహానికి సంబంధించిన సందడిలో వినిపించే పాటలకి అడ్డు లేదు. అదే పెళ్లి వీడియోకి ఆ పాట జోడించి స్టూడియో ప్రచారానికి యూట్యూబ్‌లో పెడితే ఆ మినహాయింపు పనికిరాదు. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే ఛానల్ మొత్తం పోయే ప్రమాదముంది. మరి దారేంటి? యూట్యూబ్ ఆడియో లైబ్రరీ, మెటా సౌండ్ కలెక్షన్ లాంటివి ఉన్నాయి. వాటి షరతులు చదువుకుని హాయిగా వాడుకోవచ్చు. లేదంటే ఊళ్లో వీణ నేర్చుకునే అమ్మాయితో సొంతంగా ఓ బాణీ కట్టించుకోండి. మీ కొట్టుకే గుర్తింపు వస్తుంది. కాగితం మీద సంతకం మాత్రం మర్చిపోవద్దు!

హీరో బొమ్మకో లెక్కుంది

ఉత్తర్‌ప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్. అక్కడో నగల దుకాణం ఊళ్లో హోర్డింగు పెట్టింది. దానిమీద అమితాబ్ బచ్చన్, జయాబచ్చన్ దంపతులు. నిజానికి అది టైటాన్ సంస్థ తన తనిష్క్ నగల ప్రచారానికి వాళ్లతో ఒప్పందం చేసుకుని తీయించిన ఫొటో. కేసు ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఫొటో మీద కాపీరైట్ సరే... ప్రముఖుల పేరునీ రూపాన్నీ వ్యాపారానికి ఎవరు వాడుకోవాలో నిర్ణయించుకునే హక్కు ఆ ప్రముఖులదేనని 2012లో న్యాయస్థానం స్పష్టం చేసింది. చిన్న ఊరి చిన్న కొట్టు కదా, ముంబయిలో ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటే కుదరదన్నమాట. అప్పట్లో అది రోడ్డు పక్క హోర్డింగు. ఇప్పుడు మీ పోస్టు ప్రపంచంలో ఎక్కడున్నవాళ్లకైనా కనిపిస్తుంది.

2015లో రజనీకాంత్ కూడా తన పేరుతో వస్తున్న ఓ హిందీ సినిమా మీద మద్రాసు హైకోర్టుకెళ్లి ఆపించుకున్నారు. మన దగ్గరా ఈ ఒరవడి వచ్చేసింది. 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచీ, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచీ తమ పేరు, బొమ్మ, గొంతులాంటివి అనుమతి లేకుండా వాడకుండా మధ్యంతర ఉత్తర్వులు తెచ్చుకున్నారు. కృత్రిమ మేధతో చేసే నకిలీలూ ఆ ఉత్తర్వుల కిందికి వస్తాయి. కాబట్టి 'అభిమానంతో పెట్టాం' అని పుట్టినరోజు శుభాకాంక్షల కింద 'పట్టుచీరలపై 20 శాతం తగ్గింపు' అని రాసేవాళ్లు ఇక ఆలోచించుకోవాలి.

హీరోయిన్‌ని పోలిన ఏఐ బొమ్మకి చీర కడితేనో? పేరు రాయకపోయినా చూడగానే ఫలానా ఆమే అని జనం గుర్తుపడితే అదే చిక్కు. అసలు ఏఐ గీసిన బొమ్మ మీద హక్కు ఎవరికన్నదీ పూర్తిగా తేలలేదు. కంప్యూటరు సాయంతో తయారైన వాటికి, వాటిని తయారు చేయించిన మనిషే కర్త అని మన చట్టంలో 1994 నుంచీ ఉంది. కానీ ఒక్క వాక్యం టైపు చేస్తే అది 'తయారు చేయించడం' అవుతుందా? న్యాయనిపుణుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. మీరు ఏఐతో గీయించుకున్న లోగోని రేపు పోటీదారు ఎత్తేస్తే 'అది నాదే' అని నిరూపించుకోవడం అంత తేలిక కాకపోవచ్చు. అందుకే కొట్టుకి ఆయువుపట్టు లాంటి లోగో వరకైనా మనిషితో గీయించుకోవడం మేలు.

మాట జారితే...

'ఇది అసలైన పోచంపల్లి ఇక్కత్!' సూరత్ మిల్లులో అచ్చయిన గుడ్డని చూపిస్తూ ఇలా రాశారనుకోండి. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు ఉంది. మంగళగిరి, ఉప్పాడ జాందానీ చీరలకూ ఉంది. ఆ పేర్లు ఆయా నేతన్నల ఉమ్మడి ఆస్తి. వేరే సరుక్కి తగిలిస్తే కాపీరైట్‌లాగే ఇక్కడా ఆర్నెల్ల నుంచి మూడేళ్ల జైలు, రెండు లక్షల దాకా జరిమానా. 'ఇక్కత్ డిజైన్ ప్రింటు' అని నిజం రాస్తే ఏ బాధా లేదు. కొనేవాళ్లూ మోసపోరు, మగ్గం మీద రోజంతా కూర్చున్న మనిషి కూలీకీ గండి పడదు.

ఇక ఇన్‌ఫ్లుయెన్సర్ల సంగతి. లక్షమంది ఫాలోవర్లున్న అమ్మాయికి ఓ చీర ఉచితంగా పంపిస్తే, 'నాకెంతో నచ్చేసింది' అని వీడియో పెట్టింది. తప్పేంటి? తప్పేం లేదు, అది ప్రకటన అని చెబితే. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బే కానక్కర్లేదు. ఉచిత సరుకు, హోటల్ బస, ప్రయాణం... ఏ ప్రయోజనం అందినా చెప్పాల్సిందే. అదీ హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచేసి కాదు, కొట్టొచ్చినట్టు కనపడేలా, వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలో. లైవ్ పెడితే లైవ్ సాగినంతసేపూ ఆ మాట కనపడుతుండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటన అయితే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. వీడియో చేసినవాళ్లని ఏడాదిపాటు ప్రచారాలు చేయకుండా ఆపొచ్చు, మళ్లీ చేస్తే మూడేళ్ల వరకూ.

బంధువులతో రాయించిన రివ్యూలు? అమ్మేవాళ్లే కొన్నవాళ్లలా నటిస్తూ సమీక్షలు రాయకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఖరాఖండిగా చెబుతున్నాయి. అమ్మకందారు అసలు పేరు, చిరునామా, వాపసు షరతులు కొనేవాళ్లకి కనిపించాలన్నది కూడా అందులోనిదే. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో 'అందింది' అని చెప్పాలి. నెలరోజుల్లో పరిష్కరించాలి. 'నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్' అని రాసేస్తే చిరిగిన చీరకి బాధ్యత తీరిపోదు.

పోటీదారుని ఎత్తిపొడిచేటప్పుడూ ఆచితూచి మాట్లాడాలి. ఓ యూట్యూబర్ పారాచూట్ కొబ్బరినూనె మీద చేసిన విమర్శనాత్మక వీడియో బాంబే హైకోర్టుకెక్కింది. వీడియో తీసేయమని మొదట ఏకసభ్య ధర్మాసనం చెప్పింది. అప్పీలులో, అభ్యంతరకరమైన భాగాలు మార్చి పెట్టుకునే వెసులుబాటు దొరికింది. 'మా చీర బాగుంటుంది' అనడం మన హక్కు. ఆధారం లేకుండా 'వాళ్లది నాసిరకం' అంటే మాత్రం కోర్టుమెట్లు ఎక్కే పని పడొచ్చు.

పక్కవాడు చేసినదానికీ...

2004వ సంవత్సరం. బాజీ డాట్ కామ్ అనే వేలం సైట్‌లో ఓ విద్యార్థి అశ్లీల వీడియోని అమ్మకానికి పెట్టాడు. పెట్టింది ఎవరో, కొన్నది ఎవరో... పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో ఆ కంపెనీ సీఈఓ కూడా ఉన్నారు! దేశమంతా ఉలిక్కిపడింది. ఎనిమిదేళ్ల తర్వాత 2012లో, కంపెనీని నిందితుల్లో చేర్చలేదన్న కారణంతో సుప్రీంకోర్టు ఆయన మీద కేసు చెల్లదంది. ఈలోగా 2008లో ఐటీ చట్టాన్ని సవరించారు. ఇతరులు పెట్టే సమాచారానికి వేదికగా మాత్రమే ఉండి, తగిన జాగ్రత్తలు పాటిస్తే సెక్షన్ 79 రక్షణ ఇస్తుంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు మరింత స్పష్టత ఇచ్చింది. కోర్టు ఉత్తర్వో, ప్రభుత్వ ఆదేశమో వచ్చాక కూడా తీసేయకపోతేనే ఆ రక్షణ పోతుందని చెప్పింది.

దీంతో మనకేం పని అంటారా? మీ సైట్‌లో పదిమంది నేతన్నల చీరలు వాళ్లతోనే పెట్టించి అమ్ముతుంటే మీరూ ఓ వేదికే. ఫిర్యాదుల అధికారి పేరూ చిరునామా పెట్టడం, వచ్చిన ఫిర్యాదుని పట్టించుకోవడం మీ బాధ్యతే.

ఫోన్ నంబరూ ఆస్తే!

కొన్నవాళ్ల నంబర్లన్నీ ఓ వాట్సాప్ గ్రూపులో పడేయడం, మీ చీర కట్టుకుని ఎవరో పంపిన ఫొటోని చెప్పకుండా పేజీలో పెట్టేయడం, ఖాతాదారుల చిట్టాని పక్క వ్యాపారికి అమ్మేయడం... ఇవన్నీ ఇన్నాళ్లూ చెల్లిపోయాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు కూడా ప్రకటించారు. వ్యాపారులు పాటించాల్సిన ముఖ్యమైన బాధ్యతలకు ఆ ప్రకటన నుంచి 18 నెలల గడువిచ్చారు. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి అనుమతి తీసుకోవాలి. ఆ వివరం ఇంగ్లిషులోనే కాదు, అడిగితే తెలుగులోనూ ఇవ్వగలగాలి. సమాచారాన్ని భద్రంగా ఉంచనందుకు గరిష్ఠ జరిమానా రూ.250 కోట్లు. చిన్న కొట్టుకి అంత వేస్తారని కాదు, చట్టం ఆ విషయాన్ని ఎంత తీవ్రంగా తీసుకుంటోందో తెలియడానికి!

దొంగతనం మీ ఇంట్లోనే జరిగితే...

ఇప్పటిదాకా మీరు తప్పు చేయకుండా ఉండటం గురించి చెప్పుకున్నాం. మరి మీరు కష్టపడి తీసిన ఫొటోల్ని వేరేవాళ్లు ఎత్తేస్తే? అదే చట్టం ఈసారి మీ పక్షాన నిలబడుతుంది.

ముందు ఆధారాలు. స్క్రీన్‌షాట్లు తీయండి. లింకు, తేదీ, సమయం రాసిపెట్టుకోండి. మీ అసలు ఫొటో ఫైలు ఫోనులోంచి తీసేయొద్దు. కోర్టుదాకా వెళ్తే ఎలక్ట్రానిక్ ఆధారాలకి ధ్రువీకరణ పత్రం జతచేయాలి. తర్వాత ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా తెలపండి. కాపీరైట్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిన 36 గంటల్లో వాళ్లు ఆ సమాచారాన్ని అందుబాటులో లేకుండా చేయాలి. అయితే 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే దాన్ని మళ్లీ తెరిచేయొచ్చు. కాబట్టి ఫిర్యాదు చేసి ఊరుకుంటే పని పూర్తికాదు.

ముఖ్యమైన వాటికి రిజిస్ట్రేషన్ చేయించుకుంటే నిరూపించుకోవడం తేలిక. రాతలకి కాపీరైట్ రుసుము 500 రూపాయలు. సరుకు మీద వాడే లోగో లాంటి కళాకృతికి రెండు వేలు. కొట్టు పేరుని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయడానికి వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి రూ.4,500. ఓ మంచి పట్టుచీర ఖరీదు కన్నా తక్కువే!

ట్రేడ్‌మార్కు సరే, వెబ్‌సైట్ చిరునామా సంగతేంటి? దానికీ రక్షణ ఉంది. హైదరాబాద్ 'సత్యం' కుటుంబానికి చెందిన సత్యం ఇన్ఫోవే తన 'సిఫీ' పేరుని పోలిన చిరునామా పెట్టుకున్న మరో సంస్థ మీద సుప్రీంకోర్టు దాకా పోరాడి గెలిచింది. డొమైన్ పేరుకీ ట్రేడ్‌మార్కులాంటి రక్షణే ఉంటుందని 2004లో వచ్చిన ఆ తీర్పు మనదేశంలో ఓ మైలురాయి.

నోటీసు వచ్చిందా... కంగారొద్దు!

మొదట చేయాల్సింది, చింపి పారేయకపోవడం. రెండోది, భయపడి వెంటనే డబ్బులు కట్టేయకపోవడం. పంపింది ఎవరు? ఏ ఫొటో గురించి? హక్కు వాళ్లదేనని చూపించారా? చూసుకోండి. తప్పు మనదైతే పోస్టు తీసేసి, తీసేశామని మర్యాదగా జవాబివ్వండి. అడిగిన సొమ్ము సబబా కాదా అన్నది లాయరుతో మాట్లాడాక తేల్చుకోండి. చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి. తప్పు మనది కాకపోతే అదే ముక్క ఆధారాలతో రాయండి. హక్కు లేకుండా ఉత్తుత్తి బెదిరింపులు పంపేవాళ్ల మీద తిరిగి దావా వేసి, వాటిని ఆపించి, నష్టపరిహారం అడిగే వీలు సెక్షన్ 60 కల్పిస్తోంది. ఈ సంగతి తెలియకే చాలామంది జడిసిపోతుంటారు.

అపోహలు... నిజాలు

* 'పది సెకన్ల పాటైతే ఏం కాదు.' - చట్టంలో ఇన్ని సెకన్లని మినహాయింపు ఎక్కడా లేదు.

* 'రంగు మార్చి, తిప్పి పెడితే కొత్త ఫొటోనే.' - కాదు. మూలం గుర్తుపట్టేలా ఉంటే అది నకలే.

* 'ఐడియా నాది, వాళ్లు కాపీ కొట్టారు.' - ఆలోచనకి కాపీరైట్ ఉండదు. దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చీరల లైవ్ పెట్టాలన్న ఆలోచన ఎవరి సొత్తూ కాదు.

* 'తీసేశాం కదా, ఇక గొడవ లేదు.' - తీసేయడం మంచిదే. కానీ అప్పటిదాకా వాడుకున్నందుకు అడిగే హక్కు వాళ్లకుంటుంది.

* 'క్రియేటివ్ కామన్స్ అంటే అన్నీ ఉచితం.' - అందులో రకాలున్నాయి. కొన్ని వ్యాపారానికి పనికిరావు, చాలావాటికి పేరు చెప్పడం తప్పనిసరి.

కోతి తీసిన సెల్ఫీ!

2011లో ఇండొనేసియా అడవుల్లో ఓ కోతి బ్రిటన్ ఫొటోగ్రాఫర్ డేవిడ్ స్లేటర్ కెమెరాతో సెల్ఫీ తీసుకుంది. పళ్లికిలించిన ఆ బొమ్మ ప్రపంచమంతా పాకింది. హక్కు తనదని స్లేటర్, మనిషి తీయలేదు కాబట్టి ఎవరిదీ కాదని వికీమీడియా వాదించుకున్నారు. 2015లో జంతుప్రేమికుల సంస్థ 'పెటా' వచ్చి హక్కు కోతిదేనంటూ అమెరికాలో దావా వేసింది! కాపీరైట్ చట్టం కింద దావా వేసే అర్హత జంతువులకి లేదని 2018లో అక్కడి అప్పీళ్ల కోర్టు తేల్చింది. ఒక్క ఫొటో చుట్టూ ఇన్నేళ్ల తగాదా!

అలాగని భయపడి కొట్టు మూసుకోవాల్సిన పనిలేదు. మన ఊహలోని ఆ పేజీనే మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి వరండాలో, పొద్దుటి ఎండలో, మీ చీరని మీ ఫోనుతోనే ఫొటో తీయండి. నేసిన మనిషిని అడిగి, ఆయన మాటల్లోనే ఆ చీర కథ చెప్పించండి. కొన్నవాళ్లు నిజంగా రాసిన నాలుగు మంచి మాటలు, ఒక చిన్న విమర్శతో సహా ఉంచేయండి. ఆ పేజీ మీద ఫిర్యాదు చేయడానికి ఎవరికీ ఏమీ దొరకదు.

పైగా అది అచ్చం మీ కొట్టులాగే ఉంటుంది. పక్క కొట్టులాగా కాదు!